కొలతలు ఖాయం చేశాక టేపు లోపల పెట్టండి: ఏడీఏ శాస్త్రవేత్తలకు ఆటోనగర్ నుంచి ఒక బహిరంగ లేఖ

బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ శాస్త్రవేత్తలకు, ఇంజనీర్లకు. వాళ్ళకు కొలతలు ఇచ్చే రక్షణ శాఖ, వైమానిక దళ పెద్దలకు,

అయ్యా, అమ్మా,

నాకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమాతో ఈ పనిలోకి దిగి 34 ఏళ్ళు అయింది. విమానాల గురించి మీకు చెప్పేటంతటి వాణ్ణి కాదు. అయినా ఒక్క విషయంలో మీ పనికీ నా పనికీ చుట్టరికం ఉంది. మీరూ నేనూ ఒకే చట్రం మీద రకరకాల బళ్ళు కడతాం. కడుతుంటే పక్కన నిలబడి "ఎలాగూ కడుతున్నారుగా, ఇది కూడా పెట్టెయ్యండి" అనే పార్టీలు ఇద్దరికీ తగులుతారు.

2022 డిసెంబరు 29న మా మేనల్లుడు బైక్ తీస్తే వెనక కూర్చుని మార్టూరు దాటి కొరిశపాడు వైపు వెళ్ళాను. అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి మీద, అవసరం పడితే యుద్ధ విమానాలు దిగడానికి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు స్ట్రిప్ కట్టారు కదా, ఆ రోజు దాని ట్రయల్. సుఖోయ్ వచ్చింది, తేజస్ వచ్చింది. దిగలేదు. రోడ్డుకి కాస్త ఎత్తులో దూసుకొచ్చి లేచిపోయాయి. సుఖోయ్ పోయాక కూడా కడుపులో చప్పుడు మిగిలింది. తేజస్ దాని పక్కన పిట్టలా ఉంది. "మావయ్యా, ఇది మనదేనా?" అన్నాడు మావాడు. "మనదే, ఇంజను తప్ప" అన్నాను. వాడు నవ్వాడు. నాకు మాత్రం తిరుగు దారిలో చిలకలూరిపేట దాకా అదే మాట బుర్రలో తిరిగింది.

ఇప్పుడు మీ చేతిలో ఆమ్కా ఉంది, మన సొంత కొత్త యుద్ధ విమానం. రెండు ఇంజన్లు, 25 టన్నుల బరువు, రాడార్‌కి చిక్కని ఒంటితీరు. 2024 మార్చిలో కేంద్ర క్యాబినెట్ భద్రతా కమిటీ దాదాపు 15,000 కోట్లు ఇచ్చి అయిదు నమూనా విమానాలు కట్టమంది. 2025 మే నెలలో రక్షణ మంత్రి తయారీ పద్ధతికి ఓకే చెప్పి, ప్రైవేటు కంపెనీలు కూడా పోటీకి రావచ్చన్నారు. సంతోషం. కానీ విమానం ఇంకా నేల మీంచి లేవనే లేదు, అప్పుడే మొదటి రకం మార్క్-1 అంటున్నారు, తర్వాతి రకం మార్క్-2 అంటున్నారు, రెండు సీట్లది అంటున్నారు, డ్రోన్లని వెంటేసుకుని తిప్పేది అంటున్నారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది టీవీ చర్చలు వింటుంటే.

నేను అడగదలచింది ఒకటే. మార్క్-1 కొలతలు ఒకసారి ఖాయం చేశాక, ఎవరొచ్చి ఎంత ముద్దుగా అడిగినా మార్చకండి.

ఎందుకంటున్నానో మా షెడ్డు సంగతి ఒకటి చెబితే అర్థమవుతుంది. చాలా ఏళ్ళ కిందట కైకలూరు వైపు నుంచి ఒక చేపల వ్యాపారి కొత్త ఛాసిస్ తెచ్చి మా గేటు ముందు పెట్టాడు. ఐసు వేసిన చేపల ట్రేలు పేర్చుకోవడానికి బాడీ కావాలన్నాడు. కొలతలు రాసుకున్నాం, అడ్వాన్స్ తీసుకున్నాం, అడుగున అడ్డ దూలాలు, అదే క్రాస్ మెంబర్లు, వేసేశాం. పది రోజులకి మళ్ళీ వచ్చాడు. వచ్చేటప్పుడు ఖాళీగా రావడం ఎందుకు, మేత బస్తాలు వేసుకొస్తాను, పక్క గోడలు అడుగున్నర లేపమన్నాడు. సరే అన్నాం. గోడలు లేపితే నిలువు పోస్టులు చాలవు, వాటినీ లావు చేశాం. ఇంకో వారానికి ముందు భాగంలో చేప పిల్లల్ని తోలడానికి నీళ్ళ ట్యాంకు కూడా కావాలన్నాడు. నేను అప్పుడు కుర్రాణ్ణి, పార్టీ పోతాడేమో అన్న భయం. దానికీ తలూపాను. ట్యాంకు బరువు ఒకచోటే పడుతుంది కాబట్టి కింద ఇంకో రెండు చానళ్ళు వెల్డ్ చేశాం.

బండి తయారయ్యాక కాటా మీద పెడితే ఖాళీ బరువే అనుకున్న దానికన్నా 800 కిలోలు ఎక్కువ. అంటే ట్రిప్పు ట్రిప్పుకీ 800 కిలోల చేప తక్కువ. ఆయన మా షెడ్డు ముందే నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మేం చేసిందల్లా కోతలే. చానళ్ళకి కంతలు పెట్టాం, ట్యాంకు పీకేశాం, గోడలు సగానికి దించాం. కొత్త బండికి అతుకులు పడ్డాయి, రెండు నెలల పని ఆరు నెలలు పట్టింది. ఆయన అడిగిన మూడింట్లో ఏ ఒక్కటీ సరిగ్గా చేసే బండి కాలేదది.

అమెరికా యుద్ధ విమానం ఎఫ్-35 చరిత్ర చదివినప్పుడు నాకు ఈ కైకలూరు బండే గుర్తొచ్చింది.

2001 అక్టోబరులో అమెరికా వాళ్ళు బోయింగ్ ఎక్స్-32ని పక్కనపెట్టి లాక్‌హీడ్ మార్టిన్ ఎక్స్-35ని ఎంచుకున్నారు. ఒకే ఒళ్ళు, మూడు రకాలు. వైమానిక దళానికి మామూలు రన్‌వే మీంచి లేచే ఏ రకం. మెరైన్లకి కొద్దిపాటి జాగాలో లేచి నిలువుగా దిగే బి రకం. నౌకాదళానికి ఓడ మీద తాడుకి కొక్కెం తగిలించి దిగే సి రకం. మూడింటికీ 70, 80 శాతం భాగాలు ఒకటేగా ఉంటాయి, అందుకని చవగ్గా అవుతుందన్నారు. 2016లో ఆ ప్రోగ్రామ్ అధిపతిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ క్రిస్టఫర్ బోగ్డాన్ గారే అసలు లెక్క 20, 25 శాతమని చెప్పారు. ఒకే విమానం అని మొదలుపెట్టి, ముఖం ఒకేలా ఉండే మూడు విమానాలు కట్టారన్నమాట.

బి రకం చూడండి. పైలట్ సీటు వెనకే పెద్ద ఫ్యాను ఒకటి పెట్టారు. వెనక ఇంజన్ నుంచి ఒక షాఫ్టు ముందుకొచ్చి, క్లచ్ పడితే ఆ ఫ్యాను తిరుగుతుంది. వెనక గొట్టం నేల వైపు వంగుతుంది. ముందు ఫ్యాను ఒక పక్క, వెనక మంట ఒక పక్క పట్టుకుంటే విమానం గాల్లో నిలబడుతుంది. మెకానిక్ కంటితో చూస్తే దండం పెట్టాల్సిన పని అది. కానీ ఒకసారి ముందుకు ఎగరడం మొదలెట్టాక ఆ ఫ్యాను పెళ్ళికి వెళ్తూ చంకనెత్తుకున్న పిల్లి. దాని జాగా కోసం ఇంధనం తగ్గింది. ఏ రకం లోపల 8 టన్నుల పైన ఇంధనం పడితే, బి రకంలో సుమారు 6 టన్నులే. కడుపులోని ఆయుధాల గది కూడా చిన్నదైంది. మిగతా రెండింటిలో 900 కిలోల తరగతి బాంబు పడుతుంది, ఇందులో దాని సగమే. సి రకానికి రెక్కలు పెద్దవి చేయాల్సి వచ్చింది, ఓడలో పట్టడానికి వాటిని మడవాల్సి వచ్చింది. పైగా మొదట్లో దాని కొక్కెం తాడుని అందుకోలేకపోతే మళ్ళీ డిజైన్ చేశారు.

2004 నాటికి బి రకం బరువు పెరిగిపోయి నిలువుగా దిగడమే అనుమానంలో పడింది. అప్పుడు ప్రత్యేకంగా ఒక బృందాన్ని కూర్చోబెట్టి 1,200 కిలోల దాకా కోయించారు. అంత పెద్ద కంపెనీకీ కాటా ఎక్కాక చేయాల్సి వచ్చింది మేం చేసిన పనే. ఈలోగా మొదటి ఏ రకం విమానం పాత బరువుతోనే తయారైపోయి 2006 డిసెంబరులో ఎగిరింది. పరీక్షలు ముగియకముందే కట్టిన విమానాలు వందలు. కట్టినవాటిని మళ్ళీ విప్పి సరిచేశారు. పూర్తిస్థాయి ఉత్పత్తికి అధికారికంగా ఆమోదం దొరికింది ఎప్పుడనుకున్నారు? 2024 మార్చిలో, మీ ఆమ్కాకి డబ్బు మంజూరైన నెలలోనే. ఆ సమయానికి దాదాపు వెయ్యి విమానాలు కొన్నవాళ్ళ చేతికి చేరిపోయాయి. అంతకు ముందు ఏడాది జులై నుంచి ఒక కొత్త కంప్యూటర్ సరంజామా సాఫ్ట్‌వేర్ కుదరక డెలివరీలే ఏడాది పాటు ఆగాయి.

అది చెడ్డ విమానమని నేననను. ఇన్ని దేశాలు ఊరికే కొనవు. కానీ వాళ్ళ దగ్గర డబ్బుంది, ఓపికుంది, ఒకటి ఆలస్యమైతే నడిపించడానికి పాత విమానాలున్నాయి. మనకో? 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29 యుద్ధ విమాన స్క్వాడ్రన్లు (దళాలు). ఉండాల్సినవి 42.

తిరువనంతపురంలో ఆ బి రకం విమానమే ఒకటి దిగి కూర్చుంది, గుర్తుందా? 2025 జూన్ 14న బ్రిటిష్ నౌకాదళానిది. హైడ్రాలిక్స్ చెడితే జులై 22 దాకా కదల్లేదు. మా టీ కొట్టు దగ్గర ఒకటే జోకులు. "ఆటోనగర్‌కి తోలండిరా, సాయంత్రానికి ఆయిల్ సీలు మార్చి పంపిద్దాం" అని. నేనూ నవ్వాను. కానీ దాన్ని బాగుచేయడానికి వాళ్ళ సొంత ఇంజనీర్ల బృందం సామాన్లతో సహా బ్రిటన్ నుంచి రావాల్సొచ్చింది. పక్కనే మన వైమానిక దళం ఉంది, మనవాళ్ళు కావలసిన సాయమంతా చేశారు, అయినా దాని మూత విప్పే అధికారం ఇంకొకరికి లేదు. అప్పు మీద తెచ్చిన బండికి సర్వీస్ సెంటర్ వాడు సీలు వేసినట్టు. సొంత విమానం ఎందుకు కావాలో దీనికంటే ఎక్కువగా ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

ఇంజన్ విషయంలో మీ దారే సరైనదని నా అభిప్రాయం. మార్క్-1కి అమెరికా జీఈ కంపెనీ ఎఫ్-414, మార్క్-2కి ఫ్రాన్స్ సాఫ్రాన్‌తో కలిసి చేసే పెద్ద ఇంజన్. 'ఫారిన్ ఇంజన్‌తో స్వదేశీ విమానం ఏంటి' అని వెక్కిరించేవాళ్ళని పట్టించుకోవద్దు. చైనా జే-20 మొదట్లో ఎగిరింది రష్యా ఇంజన్లతోనే, సొంతవి తర్వాత బిగించుకున్నారు. రష్యా సు-57 కూడా 2010లో అప్పటికి చేతిలో ఉన్న ఇంజన్‌తో లేచింది, దాని అసలు ఇంజన్‌తో మొదటిసారి ఎగిరింది 2017 డిసెంబరులో. మన తేజస్ సంగతి మీకు చెప్పాలా? 1983లో మొదలైంది. దానికోసమని 1989లో మొదలెట్టిన కావేరి ఇంజన్ అందుకోలేకపోతే, 2008లో రెండింటికీ తెగతెంపులు చేశారు. జీఈ ఇంజన్ పెట్టుకున్నారు కాబట్టే 2001 జనవరి 4న అది ఎగరగలిగింది. కావేరి కోసం ఆగి ఉంటే కొరిశపాడులో మా మేనల్లుడికి సుఖోయ్ ఒక్కటే కనపడేది.

అయితే ఒక చిన్న మనవి. ఇంజన్ గది మాత్రం ఇప్పుడే మార్క్-2 ఇంజన్ పట్టేలా కట్టండి. లావు, పొడవు, గాలి లోపలికొచ్చే సొరంగం, అన్నీ. లారీకి తర్వాత పెద్ద ఇంజన్ దించుదామంటే క్యాబిన్ కోయాల్సి వస్తుంది, ఆ కోత నేను చాలాసార్లు కోశాను. మీరు ఈపాటికే ఆలోచించి ఉంటారు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

లారీకీ ఆమ్కా లాంటి స్టెల్త్ (రాడార్‌కి చిక్కని) విమానానికీ ఒకచోట తేడా ఉంది. నా భయమంతా అక్కడే. లారీకి ఆఖర్న ఒక డబ్బా తగిలించినా బండి నడుస్తుంది. మామూలు యుద్ధ విమానానికి కూడా రెక్క కింద ఒక పాడ్ వేలాడదీయొచ్చు. స్టెల్త్ విమానానికి అలా కుదరదు.

మా షెడ్డులో డెంటింగ్ పని చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. బస్సు పక్క షీటు పుట్టీ పెట్టి అరగదీశాక, కళ్ళు మూసుకుని ఎడమ అరచేతితో ఆ చివర నుంచి ఈ చివరకి రాసుకుంటూ నడిచేవాడు. కుడిచెయ్యి సుత్తి పట్టీ పట్టీ మొద్దుబారిపోయింది, దానికి తెలియదనేవాడు. ఎక్కడో ఆగి సుద్దతో గుండ్రం చుట్టేవాడు. మాకు ఏమీ కనపడేది కాదు. పెయింటు పడ్డాక ట్యూబ్‌లైటు వెలుతురులో చూస్తే సరిగ్గా అక్కడే అల తిరిగేది.

రాడార్ ఆయన ఎడమచెయ్యి లాంటిది. పైకి లేచిన స్క్రూ తల, రెండు పలకల మధ్య వెడల్పు సందు, తలుపు అంచు, అన్నీ దానికి తగులుతాయి. అందుకే ఆయుధాల గది తలుపులకీ చక్రాల తలుపులకీ అంచులు రంపం పళ్ళలా కోసి, ఆ కోణాలు రెక్కల అంచులతో కలిసేలా పెడతారు. ఈ లెక్కకి మూలం సోవియట్ శాస్త్రవేత్త ప్యోత్ర్ ఉఫింత్సెవ్ 1962లో రాసిన పత్రం. అంచుల దగ్గర తరంగాలు ఎలా చెదురుతాయో అందులో ఉంది. సొంత దేశం దాన్ని మామూలు పుస్తకంలా అచ్చు వేసుకుంటే, అమెరికా వాళ్ళు అనువాదం చేయించుకుని ఎఫ్-117కి వాడుకున్నారు. ఆ విమానం పలకలు పలకలుగా ఎందుకుందంటే, అప్పటి కంప్యూటర్లు చదును పలకల లెక్క మాత్రమే కట్టగలిగేవి. తర్వాతి రోజుల్లో వంపులు కూడా లెక్కకి అందాయి. అమెరికా ఎఫ్-22, ఎఫ్-35, మీ ఆమ్కా ఆ వంపుల కాలానివి. ఇంజన్ ముందుండే ఫ్యాను రాడార్‌కి కనపడకుండా గాలి సొరంగాన్ని మెలిక తిప్పడం కూడా ఆ లెక్కలో భాగమే.

ఇప్పుడు ఆలోచించండి. ఇలాంటి ఒంటికి ఆఖరి నిమిషంలో ఎవరో ఒక యాంటెన్నా అడుగుతారు. ఇంకొకరు ఒక కెమెరా కన్ను. మరొకరు ఆయుధాల గది ఇంకో పది సెంటీమీటర్లు పొడవుండాలంటారు. ప్రతిదీ ఒక కొత్త అంచు, కొత్త సందు, మళ్ళీ మొదటి నుంచి కొలవడం. మా బండి మీద 800 కిలోలు కాటా చూపించింది. ఇక్కడ పెరిగేది కాటాకి కూడా దొరకదు, శత్రువు తెర మీద చుక్కగా కనపడుతుంది.

ఆయుధాల గది విషయంలో ఎఫ్-22 వాళ్ళు చేసిన పని నాకు నచ్చింది. ఆమ్రామ్ క్షిపణి రెక్కలు పెద్దవై గదిలో సరిగ్గా పట్టకపోతే గది పెంచలేదు, క్షిపణి రెక్కలే కత్తిరించి కొత్త రకం చేశారు. ఆమ్కా గదిలో ఒకటిన్నర టన్ను ఆయుధాలు పడతాయంటున్నారు కదా. ఆ గది కొలత ఇప్పుడే హైదరాబాద్‌లోని క్షిపణుల వాళ్ళకి రాసిచ్చి, ఇందులో పట్టేలా మీరే చేసుకోండి అనండి. మా కృష్ణా జిల్లా నాగాయలంక దగ్గర గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రం వస్తుందని ఏళ్ళుగా వింటున్నాం. అక్కడ మొదట పేల్చేవాటిలో ఈ గదిలో దూరేది ఒకటుంటే మాకు అదో ముచ్చట.

నౌకాదళం కోసం వేరే విమానం పెట్టుకోవడం మీరు చేసిన మంచి పని. తేజస్‌నే ఓడకి ఎక్కించే ప్రయత్నంలో ఎంత నేర్చుకున్నారో, ఎంత నలిగారో దూరం నుంచి చూశాం. 2016లో నౌకాదళమే బరువెక్కువ, మాకొద్దు అంది. 2020 జనవరిలో అది విమాన వాహక నౌక విక్రమాదిత్య మీద దిగినప్పుడు మాత్రం మా షెడ్డులో స్వీట్లు పంచాను. కుర్రాళ్ళకి సంగతి అర్థం కాలేదు గానీ స్వీట్లు తిన్నారు. రెండు ఇంజన్ల ఓడ విమానం వేరే, ఆమ్కా వేరే అన్న ఆ గీతని ఎవరి మాట మీదా చెరపకండి. ఖర్చు కలిసొస్తుందని చెప్పేవాళ్ళు రేపు తప్పకుండా వస్తారు. 70 శాతం లెక్క చెప్పినవాళ్ళు కూడా అలాగే చెప్పారు.

రెండు సీట్ల రకం కూడా మార్క్-1లో వద్దనే అంటాను. చైనా జే-20ఎస్ అని రెండు సీట్లది చేసింది నిజమే. అది జే-20 ఎగిరిన పదేళ్ళకి వచ్చింది. ఎఫ్-22కి రెండు సీట్లది అనుకుని 1996లో మానుకున్నారు. ఎఫ్-35కి అసలే లేదు, పైలట్లు సిమ్యులేటర్ మీద నేర్చుకుని తిన్నగా ఒంటరిగా ఎక్కుతున్నారు.

ఈ ఉత్తరంలో సగం నిజానికి మీకు కొలతలిచ్చే వైమానిక దళ పెద్దలకి. ఎవరికి ఎప్పుడు ఏ ముప్పు వస్తుందో మీకే తెలుసు, కాదనను. 2010లో అనుకున్నది 2034 నాటి యుద్ధానికి చాలదన్న టెన్షన్ మీకుంటుంది. అలాంటి కొత్త కోరికలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, మార్క్-2 మొదలుపెట్టే రోజున తెరవండి. మొదటి అయిదు నమూనాల దగ్గరికి మాత్రం ఆ పుస్తకం తీసుకెళ్ళకండి.

కైకలూరు బండి తర్వాత మా షెడ్డు గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించాను: 'క్రాస్ మెంబరు పడ్డాక మార్పులు చేయబడవు'. ఇద్దరు ముగ్గురు పార్టీలు కోపగించుకుని పక్క షెడ్డుకి పోయారు. అందులో ఒకాయన ఏడాది తిరక్కుండా వెనక్కి వచ్చాడు.

2028, 29 ప్రాంతంలో మొదటి ఆమ్కా ఎగురుతుందంటున్నారు. తేదీ ఒక నెల ముందు బయటికి చెప్పగలిగితే చెప్పండి. మా మేనల్లుడు అప్పటికి బెంగళూరులోనే ఉద్యోగంలో ఉండొచ్చు. నేను మాత్రం కొండవీడు ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చేయించుకోవాలి, ఆఖర్న అయితే వెయిటింగ్ లిస్ట్ వస్తుంది.

ఇట్లు,
లారీ బాడీలు కట్టే ఒక మేస్త్రి,
ఆటోనగర్, విజయవాడ